సొరంగం ముందు ‘డి’ బోర్డు: ట్యాంకర్లను ఊళ్ల మీదుగా మళ్లించడం సబబేనా?

రూట్‌ప్లానర్
యూరప్‌లో ప్రమాదకర సరుకుల రోడ్డు రవాణాకు సంబంధించిన ఏడీఆర్ ఒప్పందం ప్రకారం సొరంగాలు ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులు. ‘ఎ’కి ఆంక్షల్లేవు, అక్కణ్నుంచి ఇ దాకా బిగుసుకుంటూ పోతాయి. ‘డి’ బోర్డు ఉంటే పెట్రోలు ట్యాంకర్ లోపలికి వెళ్లకూడదు. సరే, మరి ఎటు వెళ్లాలి? బడులు, సిగ్నళ్లు, మలుపులు ఉన్న పాత రోడ్డుకే. ఎదురు వాహనాలు రాని జంట సొరంగం ఉన్నచోట ఈ మళ్లింపుతో ప్రమాదం తగ్గదు, చోటు మారుతుందంతే. 1978లో స్పెయిన్‌లోని లాస్ అల్ఫాకెస్ దగ్గర ప్రొపిలీన్ ట్యాంకర్ పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. అది సొరంగం కాదు, జనం విడిది చేసిన మైదానం పక్క రోడ్డు.

ఫైర్‌ఇంజనీర్
రోడ్డు ప్రమాదాన్నీ సొరంగం ప్రమాదాన్నీ ఒకే గాటన కట్టకండి. కారు మంట సుమారు 5 మెగావాట్లు, పెట్రోలు ట్యాంకర్‌ది 200 నుంచి 300. అంత మంటను తట్టుకునేలా ఫ్యాన్లు పెట్టిన సొరంగాలు అరుదు. ఆరుబయట పొగ పైకి పోతుంది. లోపల కప్పుకు తగిలి పొడవునా పాకుతుంది, చల్లబడ్డాక మనిషి తల ఎత్తుకు దిగుతుంది. పారిపోవడానికి మిగిలేవి నిమిషాలే.

రూట్‌ప్లానర్
ఒప్పుకుంటాను. కానీ 1999లో ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఉన్న మాంట్ బ్లాంక్ సొరంగంలో 39 మందిని బలిగొన్న లారీలో ఉన్నది మార్జరిన్ (వనస్పతి లాంటి కొవ్వు), పిండి. దానికి ప్రమాదకర సరుకు బండ్లకు ఉండే నారింజ ప్లేటే లేదు, ఏ అక్షరమూ దాన్ని ఆపేది కాదు. ఒకే సొరంగానికి వేళను బట్టి వేరే తరగతి పెట్టే వీలు ఏడీఆర్‌లోనే ఉంది. పగలు ‘ఇ’, రాత్రి ‘సి’ అని పెడితే ఊళ్ల మీద భారం తగ్గదా?

ఫైర్‌ఇంజనీర్
1982లో కాలిఫోర్నియాలోని కాల్డెకాట్ సొరంగంలో పెట్రోలు ట్యాంకర్ అంటుకుంది అర్ధరాత్రి దాటాకే. రద్దీ లేకపోయినా ఏడుగురు పోయారు. రాత్రి వదలాలంటే ముందూ వెనకా ఎస్కార్టు, మిగతా వాహనాలకు నిలుపుదల ఉండాలి. ఉత్త గడియారం చాలదండీ.

లోడింగ్‌సేఫ్టీ
మీ ఇద్దరి వాదన అక్షరం దగ్గరే ఆగింది. తప్పులు ఎక్కువగా జరిగేది లోడింగ్ దగ్గర.

రవాణా పత్రంలో పెట్రోలుకు, అంటే యూఎన్ 1203కి (ప్రమాదకర సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), ‘డి/ఇ’ అని ఉంటుంది. మొదటి అక్షరం ట్యాంకుకు, రెండోది పీపాలకు. కాబట్టి ట్యాంకర్‌కు డి, ఇ రెండూ మూతే, పీపాల లారీకి ఇ ఒక్కటే. ఎల్పీజీకి (యూఎన్ 1965) ‘బి/డి’, కనుక ట్యాంకరైతే బి నుంచి ఇ దాకా ఎందులోకీ వెళ్లకూడదు. కలగలుపు లోడులో అన్నిటికంటే కఠినమైన కోడే బండి మొత్తానికీ వర్తిస్తుంది. ఇది చాలామంది మరిచిపోతారు.

చిన్న లోడుకు వెయ్యి పాయింట్ల మినహాయింపు ఉంది. పెట్రోలు లీటరుకు 3, డీజిల్ లీటరుకు 1. 200 లీటర్ల పెట్రోలు పీపా 600 అవుతుంది, దాని పక్కన 400 లీటర్ల డీజిల్ పెడితే సరిగ్గా 1000, మినహాయింపు నిలుస్తుంది. ఇంకో డబ్బా ఎక్కించారో, నారింజ ప్లేటు తెరవాలి, సొరంగం ఆంక్షా మొదలవుతుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఖాళీ ట్యాంకర్ విషయంలో. పెట్రోలు దించేశాక లోపల ఆవిరి మిగులుతుంది. శుభ్రం చేసి, ఆవిరి పోయేదాకా 33 (తేలిగ్గా అంటుకునే ద్రవం అని చెప్పే అంకె), 1203 అంకెల నారింజ ప్లేటు తీయకూడదు, ‘డి’ సొరంగంలోకీ వెళ్లకూడదు. ‘ఖాళీయే కదా’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

రూట్‌ప్లానర్
ఇది నిజంగా పనికొచ్చే మాట. అయితే డ్రైవర్‌కు కోడ్ తెలిసినా, బోర్డు సొరంగం నోటి దగ్గరుంటే ఏం లాభం? 40 టన్నుల బండిని అక్కడ వెనక్కి తిప్పలేరు.

లోడింగ్‌సేఫ్టీ
నిబంధన కూడా అదే చెబుతోంది: దారి మార్చుకునే వీలున్న చోటే బోర్డు పెట్టాలి. అంటే చివరి ఎగ్జిట్‌కు ముందు. అక్షరంతో పాటు చుట్టుదారి బాణం కూడా ఉండాలి, ఆ దారిలో వంతెనల బరువు పరిమితి, ఎత్తు పరిమితి ముందే సరిచూసి ఉండాలి. ఇది చేయని చోట మాత్రం రూట్‌ప్లానర్ గారి అభ్యంతరం న్యాయమే.

ఫైర్‌ఇంజనీర్
అక్కడిదాకా నేనూ మీతోనే. చుట్టుదారి లెక్క తేలకుండా ‘డి’ బోర్డు పాతకూడదు. లెక్క తేలి, సొరంగమే ప్రమాదమని రుజువైతే మాత్రం దూరం పెరిగిందనో, డీజిల్ ఖర్చయిందనో సడలించకూడదు.