పర్లాకిమిడి చిన్నబండి మోడల్‌కి వెనక ఆకాశం: ఫ్లెక్సా, చేతి రంగా?

రాయగడ రైలు:
నౌపడా నుంచి గుణుపూర్ దాకా నడిచిన మన చిన్నబండికి మోడల్ కడుతున్నాను. స్కేలు 1:87, అంటే అసలు దాంట్లో 87వ వంతు. అసలు గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 762 మిల్లీమీటర్లు కాబట్టి ఈ స్కేల్లో 8.8 దగ్గరకొస్తుంది, ఎన్ గేజి 9 ఎంఎం పట్టాలు సరిపోయాయి. ఇప్పుడు ఆరడుగుల బోర్డు వెనక ఆకాశం కావాలి. ఫ్లెక్స్ కొట్టించనా, చేత్తో వేయనా? ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

బరంపురం బోర్డు:
ఫ్లెక్సే, తమ్ముడూ. మంచి ఫొటో ఉంటే సాయంత్రానికల్లా పని అయిపోతుంది. చేత్తో వేస్తే చాలామందికి నాటకాల తెరలా వస్తుంది, మబ్బులైతే దూదిపింజలే. నేను మూడు డయోరమాలకి (బోర్డు మీద కట్టే చిన్న దృశ్యాలకి) ప్రింటే వాడాను. చూసినవాళ్లు ముందు అడిగేది ఆ ఫొటో ఎక్కడ తీశావనే.

పర్లాకిమిడి పెయింట్:
అన్నా, ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. చూసేవాళ్ల కళ్లు బండి మీద ఉండాలి కదా!

నేనూ మొదట ఫ్లెక్సే కొట్టించాను. లైటు వేయగానే ఆకాశం నిండా ఎల్‌ఈడీ చుక్కలు మెరిశాయి. ఫొటోలో ఎండ ఎడమ నుంచి, నా లైటు కుడి నుంచి. కొండ నీడ ఒకవైపు పడితే స్టేషన్ షెడ్డు నీడ ఇంకోవైపు. ఎక్కడో తేడా కొడుతోందని తెలుసు, అదేమిటో పట్టుకోవడానికి నెల పట్టింది.

తర్వాత మహేంద్రతనయ గట్టున నిలబడి ఆకాశాన్ని ఊరికే చూశాను. నెత్తిమీద ముదురు నీలం. దిగువకొచ్చేకొద్దీ పలచబడుతూ, తాటిచెట్ల తలల దగ్గర దాదాపు తెలుపు. అక్కడి వెలుతురు చాలా ఎక్కువ గాలిని దాటుకుని కంటికి చేరాలి. ఆ దారిలో దుమ్మూ తేమా కూడా తోడై నీలం వెలిసిపోతుంది. ఈ తెలుపు లేని ఆకాశం గోడకి వేసిన నీలం రంగులాగే ఉంటుంది.

తెల్ల మ్యాట్ (మెరవని) ఎమల్షన్, అందులో కలిపే నీలం స్టెయినర్ రంగు చాలు. మూడు డబ్బాల్లో ముదురు, మధ్యరకం, లేత అని మూడు కలుపులు చేసుకుని పైనుంచి కిందికి మూడు పట్టీలుగా వెయ్. ఫ్యాను ఆపెయ్. తడి ఆరకముందే వెడల్పు బ్రష్‌తో ఒక్కో పట్టీ కలిసేచోట అడ్డంగా లాగుతూ పో. ఆరితే రంగు కాస్త ముదురుతుంది, అందుకని ఒక మెట్టు లేతగానే కలుపు. అసలు సంగతి ఇది: బోర్డు మీద వెలిగే లైటు కిందే రంగు కలుపు. పగటి వెలుగులో ముద్దొచ్చిన నీలం పసుపు బల్బు కింద ఆకుపచ్చకి తిరుగుతుంది.

బరంపురం బోర్డు:
మెరుపు సంగతి ఒప్పుకుంటాను, దానికి మ్యాట్ వినైల్ ఉంది. మరి కొండల సంగతి? మహేంద్రగిరి వరస చేత్తో వేయగలిగేవాళ్లు ఎందరున్నారు?

కోరాపుట్ కొండ:
ఇద్దరూ సగం సగం సరైన మాటే అంటున్నారు. మా ఇంట్లో ఆకాశం చేతిది, కొండలు ప్రింటువి. శిఖరాల గీత వెంబడి బ్లేడుతో కోసి అంటించాను. కోసిన అంచు తెల్లగా కనబడితే బూడిద నీలం పెన్సిల్ ఒకసారి తిప్పండి. దూరపు వరస ముందుదానికంటే లేతగా, నీలంగా ఉండాలి. ప్రింటింగ్ షాపువాళ్లు కాంట్రాస్టు పెంచేస్తారు, దగ్గరుండి తగ్గించమనండి. ఎత్తు కూడా చూసుకోవాలి. స్టూలు మీద కూర్చుంటే కళ్లు ఏ ఎత్తులో ఉంటాయో, నేల ఆకాశం కలిసే గీత అక్కడికి రావాలి.

పర్లాకిమిడి పెయింట్:
కొండల విషయంలో అక్క మాటకి ఒప్పుకున్నాను. మబ్బులు మాత్రం వద్దు. బండి కదులుతుంటే మబ్బు అక్కడే ఉండిపోతుంది.

కోరాపుట్ కొండ:
మబ్బుల్లేకపోతే మన శ్రావణం ఎలా చూపిస్తాం బాబూ? అడుగు చదునుగా, దిగువన చిన్నవిగా, పైకి పెద్దవిగా నాలుగు వేస్తే చాలు. ఆ పూట నీడలు కూడా మెత్తబడాలి, లేకపోతే ఎండలో వానలా ఉంటుంది.

రాయగడ రైలు:
ఆదివారం వేశాను. మొదటిసారి మధ్యలో చార వచ్చింది, పట్టీ ఆరిపోయాక బ్రష్ పెట్టినందుకు. మళ్లీ తెల్లరంగు కొట్టి మొదలుపెట్టాను. మూలలో మడత నీడ పడుతోంది, 3 ఎంఎం హార్డ్‌బోర్డు తడిపి ఒకటిన్నర అడుగుల రేడియస్‌లో వంచి పెట్టాను. 2004లో నేరోగేజి ఆగిపోయేదాకా మా నాన్న ఆ బండిలోనే తిరిగేవారు. బోర్డు ముందు కూర్చుని చాలాసేపు చూశారు. ఆకాశం గురించి ఒక్క మాటా అనలేదు. గార్డు పెట్టె రంగు తప్పు వేశావన్నారు.