బయట టిఫిన్ చేయక తప్పనివాళ్లు పొద్దున్నే ఏం తింటున్నారు?

సుధ_ఆడిట్ (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఆడిట్ పని మీద నెలలో పదిహేను రోజులు ఊళ్లు తిరుగుతుంటాను. గుంటూరు, ఖమ్మం, కర్నూలు, రాజమండ్రి, ఇలా. పొద్దున ఏడున్నరకల్లా లాడ్జి దగ్గర్లో ఎక్కడో ఒకచోట టిఫిన్ చేసి బయల్దేరాలి. ఈ ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో 9 కిలోలు పెరిగాను. మోకాళ్ల నొప్పులని వెళ్తే డాక్టరమ్మ మందులేం రాయలేదు, ముందు బరువు తగ్గమన్నారు.

మధ్యాహ్నం, రాత్రి ఎలాగోలా సర్దుకుంటున్నాను. లెక్క తప్పేది పొద్దున పూటే. ఓట్స్ డబ్బా వెంట తీసుకెళ్లమని మాత్రం చెప్పకండి, రెండు నెలలు చేసి చూశాను. రోజూ వేణ్నీళ్ల కోసం రిసెప్షన్ చుట్టూ తిరగడం నావల్ల కాలేదు. నాకు వేడివేడి టిఫినే కావాలి. మీరేం ఆర్డర్ చేస్తున్నారు, సర్వర్‌తో ఏమని చెబుతున్నారు, దాంతో నిజంగా తేడా కనిపించిందా, ఇవి చెప్పండి.

కిరణ్_నల్గొండ (రాత్రి 9:52)

ఇడ్లీ అక్కా. ఆవిరి మీద ఉడుకుతుంది, నూనె చుక్క ఉండదు. ఇంకేం ఆలోచించకుండా ఇడ్లీ చెప్పేయండి.

మాధవ్_బెజవాడ (రాత్రి 10:15)

కిరణ్ తమ్ముడూ, ఆ మాట నమ్మే నేను ఆరు నెలలు ఇడ్లీ తిన్నాను. అర కిలో కూడా తగ్గలేదు. చివరికి ఒక ఆదివారం పార్సిల్ ఇంటికి తెచ్చి వంటింటి త్రాసు మీద పెట్టాను. నెయ్యి కారం ఇడ్లీ, ఒక ప్లేటు, పల్లీ చట్నీ.

ఇడ్లీలు రెండూ కలిపి 110 గ్రాములు. అంటే సుమారు 150 క్యాలరీలు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇడ్లీలు తీసి ఆకు వంచితే అడుగున నెయ్యి జారింది. గిన్నెలోకి వంచుకుని కొలిస్తే రెండు టీస్పూన్లు. ఇడ్లీలోకి ఇంకిపోయింది కాక, కారప్పొడికి పట్టుకున్నది కాక, మిగిలిందే అంత! అదొక్కటే 80, 90 క్యాలరీలు. చట్నీ పొట్లం 80 గ్రాములు తూగింది. ఇంట్లో అంతే చిక్కగా చేసి చూస్తే, 80 గ్రాముల చట్నీకి దగ్గరదగ్గర 25 గ్రాముల పల్లీలు పట్టాయి. 100 గ్రాముల పల్లీల్లో 500 పైనే క్యాలరీలు, కాబట్టి చట్నీ మరో 125. పోపు నూనె ఇందులో కలపలేదు. నేను రోజూ రెండోసారి కూడా చట్నీ అడిగి వేయించుకునేవాడిని.

కొవ్వు గ్రాముకి 9 క్యాలరీలు. పిండి పదార్థం, మాంసకృత్తులు గ్రాముకి 4. అందుకే ఇడ్లీ ఇంకోటి తిన్నదానికంటే ఇంకో గరిటె చట్నీ వేయించుకున్నదే ఎక్కువ. ఆ ఆదివారం నుంచి మామూలు ఇడ్లీ మూడు, సాంబార్, అల్లం పచ్చడి కొంచెం. నెయ్యి వద్దని ముందే చెబుతాను. నాలుగు నెలల్లో 5 కిలోలు తగ్గాను. రోజూ సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి అంతా ఇడ్లీ మహిమే అని చెప్పను.

సుధ_ఆడిట్ (రాత్రి 10:31)

మాధవ్ గారూ, చట్నీ సంగతి నాకు అసలు తట్టలేదు. నేను కూడా రెండోసారి అడుగుతాను. మరి దోశ పూర్తిగా మానేయాలా? దోశ లేకుండా పదిహేను రోజులంటే కష్టం.

టిఫిన్_శ్రీను (రాత్రి 11:05)

మేడమ్, మాది సూర్యాపేట దగ్గర చిన్న టిఫిన్ సెంటర్. పెనం ముందు పదకొండేళ్లుగా నిలబడుతున్నాను. లోపలి సంగతి చెప్తాను.

బాగా కాలి, నూనె పట్టి నల్లబడిన ఇనుప పెనం మీద దోశకి నిజానికి అర స్పూను నూనె చాలు. నీళ్లు చల్లి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది పిండి తిప్పితే అట్లకాడకి సులువుగా వచ్చేస్తుంది. పైన చుట్టూ తిప్పి పోసే నూనె అంతా కరకరలాడటానికీ, మెరవడానికీ. రద్దీ టైంలో పెనం మీద ఒకేసారి ఆరు దోశలు ఉంటాయి. అప్పుడు ఎవరూ స్పూనుతో కొలవరు, మూతకి చిల్లు పెట్టిన సీసాతో తిప్పేస్తారు. మీరు కూర్చున్నాక సర్వర్‌కి చెబితే ఆ మాట పెనం దాకా రాదు. కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకుని నేరుగా మాస్టర్‌కి చెప్పండి: "అన్నా, ప్లెయిన్ దోశ, పైన నూనె వద్దు, కొంచెం ఎక్కువసేపు కాల్చు." చాలామంది చేస్తారు. మాకు అందులో నష్టం లేదు, నూనె మిగులుతుంది. ఏడుంబావు లోపు వస్తే ఇంకా శ్రద్ధగా వేస్తారు.

ఉప్మా తేలిక అనుకుని అడుగుతారు చాలామంది. పెద్ద గిన్నెలో రెండు గంటలు ఉన్నా గడ్డకట్టకుండా ఉండాలని మేం నూనె గట్టిగానే పోస్తాం. పొంగల్ అయితే నెయ్యి, జీడిపప్పు. ఆ రెండూ ఇడ్లీలాంటివి కావు. పూరీ, వడ, మైసూర్ బోండా గురించి చెప్పేదేముంది. నూనె సరిగ్గా కాగకముందే వేస్తే ఇంకా పీల్చుకుంటాయి. మొదటి వాయి వడ ఎప్పుడూ తీసుకోకండి.

మాధవ్_బెజవాడ (రాత్రి 11:12)

శ్రీను అన్నా, ఇలా లోపలివాళ్లు చెబితేనే మాకు తెలిసేది. చాలా థాంక్స్.

రిటైర్డ్_మాస్టారు_కాకినాడ (సోమవారం, ఉదయం 5:50)

అమ్మా సుధా, నాకు 68 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. క్యాలరీలు తక్కువైనంత మాత్రాన అందరికీ పడుతుందని అనుకోవద్దు. నాలుగు ఇడ్లీలు తిని రెండు గంటలకి చూసుకుంటే నాకు 212 వచ్చింది. మర్నాడు అదే సమయానికి ఒక పెసరట్టు, అల్లం పచ్చడి తగినంత, తిన్నాక చూస్తే 158. ఇది నా ఒంటి లెక్క, నీది వేరుగా ఉండవచ్చు. ఇడ్లీలో బియ్యపు రవ్వ పాలు ఎక్కువ. పెసరట్టు పొట్టు పెసలతో చేసేది, పీచూ మాంసకృత్తులూ ఉంటాయి, ఒకటి తింటే పన్నెండు దాకా ఆకలి వేయదు.

మా వైపు హోటళ్లలో పెసరట్టు అనగానే లోపల ఉప్మా పెట్టేస్తారు. ఉప్మా లేకుండా, ఉల్లిపాయ, జీలకర్ర వేయమని చెప్పాలి. పిండిలో బియ్యం ఎంత కలుపుతారో కూడా అడుగు. చెప్పేవాళ్లు చెబుతారు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందని మరిచిపోకు, మాధవ్ "కొంచెం" అన్నది అందుకే.

లక్ష్మి_గచ్చిబౌలి (ఉదయం 8:20)

పెద్ద చెయిన్ రెస్టారెంట్లకి వెళ్తే మెనూ కార్డు చూడండి. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్నవాళ్లు ప్రతి ఐటమ్ పక్కన క్యాలరీలు వేయాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన ఉంది, 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మా ఆఫీస్ కింద అలాంటిది ఒకటుంది. మసాలా దోశ, నెయ్యి రోస్ట్ పక్కపక్కన అంకెలు చూశాక నా చేయి మామూలు ఇడ్లీ మీదికే పోయింది. చిన్న టిఫిన్ సెంటర్లకి ఈ నిబంధన వర్తించదు, కాబట్టి అక్కడ శ్రీను గారు చెప్పిందే దారి.

ఇంకొకటి. ఆ కార్డుల మీద రోజుకి 2000 క్యాలరీలు అని సగటు లెక్క రాస్తారు. మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్లకి 1660, మగవాళ్లకి 2110. మనం 2000 చూసుకుని తింటే రోజూ 340 ఎక్కువే తింటున్నట్టు. ఇది తెలిశాక మా ఆయన ప్లేటూ నా ప్లేటూ ఒకేలా ఆర్డర్ చేయడం మానేశాను.

సుధ_ఆడిట్ (ఉదయం 8:41)

లక్ష్మి గారూ, 1660 అన్నది ఇప్పుడే వింటున్నాను. నా ఫోన్ యాప్‌లో 2000 పెట్టుకుని ఉన్నాను. మార్చేశాను.

ఇమ్రాన్_కర్నూలు (ఉదయం 9:05)

అక్కా, మా ఊరు వస్తానన్నారు కదా, ఇడ్లీ, దోశ పక్కనపెట్టి ఉగ్గాని తినండి. బొరుగులు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, పుట్నాల పొడి వేసి కలుపుతారు. బొరుగులు తేలిక, ప్లేటు నిండుగా కనిపిస్తుంది, నిమ్మకాయ పిండుకుంటే ఆ రుచే వేరు. చిక్కంతా పక్కన పెట్టే మిరపకాయ బజ్జీతో. బజ్జీ లేకుండా ఉగ్గాని అంటే ఇక్కడ విచిత్రంగా చూస్తారు, అయినా ఇస్తారు. నేనైతే ఒక్క బజ్జీ తీసుకుని మా అబ్బాయితో సగం పంచుకుంటాను. కొన్నిచోట్ల పొద్దున వేయించి పెట్టుకున్న బజ్జీని ముక్కలు కోసి మళ్లీ నూనెలో వేస్తారు. అది మాత్రం వద్దు.

కిరణ్_నల్గొండ (ఉదయం 9:30)

రాగి దోశ, జొన్న ఇడ్లీ, మిల్లెట్ పొంగల్ అమ్మే కొత్త హోటళ్లు వచ్చాయి కదా. అవి తింటే సరిపోదా?

రిటైర్డ్_మాస్టారు_కాకినాడ (ఉదయం 10:10)

బాబూ కిరణ్, రాగులకీ బియ్యానికీ క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పీచు, సున్నం (క్యాల్షియం) ఎక్కువ, అందుకు తినాలి. బరువు తగ్గుతామని రాగి దోశ మీద రెండు చెంచాల నెయ్యి పోయించుకుంటే ఉపయోగం లేదు. పార్కుల దగ్గర ఉప్పు, మజ్జిగ కలిపి ఇచ్చే పల్చటి రాగి జావ వేరు, అందులో పిండే తక్కువ, కడుపు చల్లగా ఉంటుంది. బెల్లం కలిపినదైతే అడిగి తీసుకో.

పద్మ_ఫ్రిస్కో (రాత్రి 7:15)

డాలస్ పక్కన ఉంటున్నాం. ఇక్కడ వారానికి ఒకసారే బయట టిఫిన్, కానీ దోశ మూరెడు పొడవు, లోపల బంగాళాదుంప కూర గుప్పెడు కాదు, రెండు గుప్పెళ్లు. ఇద్దరికి ఒక మసాలా దోశ, ఒక ప్లేట్ ఇడ్లీ తెప్పించుకుని పంచుకుంటాం. సగం దోశ ముందే డబ్బాలో పెట్టించేస్తాను. ప్లేటులో ఉంటే కబుర్లలో పడి తినేస్తాం కాబట్టి, తినడం మొదలుపెట్టకముందే పెట్టించాలి.

వెంకట్_అమలాపురం (రాత్రి 8:02)

రాజమండ్రి దాకా వచ్చినప్పుడు వీలైతే అంబాజీపేట వచ్చి పొట్టిక్కలు తినండి. ఇడ్లీ పిండినే పనసాకు బుట్టల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం తృప్తి. నెయ్యి, వెన్న ఏమీ అక్కర్లేదు, ఆకు రుచే పట్టి ఉంటుంది.

హరిత_వరంగల్ (రాత్రి 9:20)

నేను దీనికి రెండో వైపు చెప్పాలి. బరువు తగ్గాలని నేను రెండు ఇడ్లీ, పల్చటి సాంబార్‌తో సరిపెట్టేదాన్ని. పదకొండు కాగానే కళ్లు తిరిగినట్టయ్యేది. ఆఫీసులో ఎవరో ఒకరు సమోసాలు తెచ్చేవాళ్లు, రెండు తినేసేదాన్ని. పొద్దున మిగిల్చినదానికి రెట్టింపు అక్కడ పోయేది. ఇలా ఏడాది గడిచింది. తర్వాత ఇడ్లీ బండి పక్కనే ఉడికించిన గుడ్లు అమ్మే ఆయన దగ్గర రెండు గుడ్లు తీసుకోవడం మొదలుపెట్టాను. గుడ్డు ఒకటి 70, 75 క్యాలరీలే. ఇడ్లీ రెండు, గుడ్లు రెండు. సమోసాల దిక్కు చూడాలనిపించలేదు. సుధ అక్కా, మీరు రోజంతా తిరగాలి, తక్కువ తిని బయల్దేరకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

సుధ_ఆడిట్ (రాత్రి 9:48)

హరిత, నాకూ సరిగ్గా పదకొండుకే అలా అవుతుంది. క్లయింట్ల దగ్గర బిస్కెట్లు, టీ వస్తాయి, కాదనలేను.

టిఫిన్_శ్రీను (రాత్రి 10:02)

టీ ముందే పంచదార కలిపి మరిగించి ఉంటుంది మేడమ్, అందులో తగ్గించడం కుదరదు. కాఫీ అయితే డికాషన్, పాలు విడిగా ఉంటాయి కాబట్టి పంచదార లేకుండా అడగొచ్చు. మా దగ్గర అలా తాగేవాళ్లు రోజూ పది మంది ఉంటారు.

సుధ_ఆడిట్ (మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30)

మీ అందరికీ చెప్పాలని వచ్చాను. ఖమ్మంలో ఆరు రోజులు, రాజమండ్రిలో ఐదు రోజులు మీరు చెప్పినట్టే చేశాను. ఖమ్మంలో మొదటి రోజు మాస్టర్ దగ్గరికి వెళ్లి "అన్నా, పైన నూనె వద్దు" అని చెప్పడానికి మొహమాటపడ్డాను, వెనకాల లైన్ ఉంది. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. దోశ వచ్చాక చూస్తే అంచులు ఎర్రగా కాలి ఉన్నాయి, చేతికి నూనె అంటలేదు. మూడో రోజు నేను నోరు తెరవకముందే "నూనె లేకుండానే కదమ్మా" అన్నాడు. ఎంత సంతోషం అనిపించిందో.

చట్నీ ఒక్కసారే. సాంబార్ రెండుసార్లు. రాజమండ్రిలో ఉప్మా లేని పెసరట్టు, రోజు విడిచి రోజు రెండు గుడ్లు. పంచదార లేని కాఫీ మాత్రం ఇంకా అలవాటు కాలేదు, అర చెంచా వేసుకుంటున్నాను. బరువు కిలోన్నర తగ్గింది. పదకొండు గంటల బిస్కెట్లు మానేశాను, ఆకలి లేక.

ఎల్లుండి నుంచి వారం రోజులు నంద్యాల. ఇమ్రాన్ గారూ, బస్టాండ్ దగ్గర పొద్దున ఏడింటికల్లా ఉగ్గాని దొరికే చోటు ఏదైనా ఉందా?