తాతయ్య ఎయిర్ పిస్టల్‌కి పనస చెక్క పెట్టె చెయ్యాలి, లోపల ఏటి వెయ్యాలి?

ఉద్దానం కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర పల్లె, ఉద్యోగం శ్రీకాకుళంలో. మా తాతయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారు, అక్కడ ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆయన కొనుక్కున్న వెబ్లీ సీనియర్ ఎయిర్ పిస్టల్ ఇప్పుడు నాన్న దగ్గరుంది. 177 బోరు, నల్ల బేకలైట్ పిడి, పొడవు కొలిస్తే ఎనిమిదిన్నర అంగుళాలు, చేతిలోకి తీసుకుంటే బరువుకి మణికట్టు కిందకి వాలిపోతాది. వచ్చే మే నెలలో నాన్న రిటైర్ అవుతున్నారు, ఆ రోజుకి దీన్ని మంచి పెట్టెలో పెట్టి ఆయన చేతికివ్వాలని నా కోరిక.

చెక్క ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా దొడ్లో పెద్ద పనస చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది, తాతయ్య అప్పటికి బతికే ఉన్నారు, ఆ చెట్టు ఆయనే నాటారు కాబట్టి కట్టెలకి ఇవ్వనివ్వకుండా మిల్లుకి పంపి పలకలు కోయించారు, ఆ పలకలు అప్పట్నుంచీ అటక మీదే ఉన్నాయి. పెట్టె వాటితోనే చెయ్యాలి, ఇందులో మార్పు లేదు.

భయం ఎక్కడంటే, పోయినేడు ఫోమ్ ఉన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొని అందులో పెట్టాను, వర్షాకాలం అయ్యాక తీసి చూస్తే ఫోమ్ ఆనిన చోటల్లా సిలిండర్ మీద ఆవగింజలంత తుప్పు మచ్చలు, నీలిపూత మీద జిగటగా ఏదో అంటుకుని ఉంది. నూనెతో తుడిస్తే చాలామట్టుకు పోయింది గానీ రెండు మచ్చలు మిగిలిపోయాయి, నాన్న ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఈసారి తప్పు జరక్కూడదు. లోపల మెరూన్ వెల్వెట్ వేసి పిస్టల్ ఆకారంలోనే గుంట తవ్వించాలని ఉంది, సరైనదేనా? పనస చెక్క ఇనుముకి పడుతుందా?

బొబ్బిలి వైపు చెక్కపని:
తమ్ముడూ, పనస గురించి దిగులు పెట్టుకోకు, మా బొబ్బిలి వీణ మొత్తం పనస మొద్దులోంచే తొలిచి తీస్తారు, గొల్లపల్లిలో చూస్తే నీకే తెలుస్తుంది. కొత్తగా కోసినప్పుడు పసుప్పచ్చగా ఉంటాది, ఏళ్ళు గడిచేకొద్దీ తేనెరంగు దాటి గోధుమరంగుకి వస్తాది. ఇన్నేళ్ళు అటక మీద ఉంది కాబట్టి బాగానే ఆరుంటాది, కానీ అటక మీద పలక వేరు, ఇంట్లో గాలికి అలవాటు పడ్డ పలక వేరు. ముందు కావలసిన సైజుకి కొంచెం ఎక్కువగా కోసి గదిలో నిలబెట్టు, వారానికోసారి వంటింటి కాటా మీద తూచి రాసుకో, రెండు మూడు వారాలు వరసగా బరువు మారకపోతే అప్పుడు చిత్రిక పట్టు.

పెట్టె ఎలా చెయ్యాలంటే, మూతా అడుగూ విడివిడిగా చెయ్యకు. ఆరు వైపులా మూసేసిన పెట్టె ఒకటే చేసి, జిగురు ఆరాక చుట్టూ రంపంతో కోసి మూత విడదియ్యి, అప్పుడు చెక్క గీతలు మూత మీదనుంచి కింద దాకా తెగకుండా నడుస్తాయి, చూసినవాళ్ళకి ఒకే మొద్దులో తీసినట్టుంటాది. రంపం మందం 3 మిల్లీమీటర్ల దాకా పోతాది, ఆ లెక్క ముందే ఎత్తులో కలుపుకో, నేను మొదటిసారి కలపలేదు, లోపల పెట్టాల్సిన సీసా మూతకి తగిలింది. గోడలకి 12 మిల్లీమీటర్లు చాలు. అడుగు పలకకి మటుకు జిగురు రాయకు, గాడిలో వదులుగా దూర్చు, వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతాది, చోటు ఇవ్వకపోతే మూల విచ్చుకుంటాది.

బందులు ఇత్తడివే వెయ్యి. ఇత్తడి మర మెత్తన, నేరుగా బిగిస్తే తల తెగిపోయి సగం లోపలే ఉండిపోతాది. సన్న బెజ్జం వేసి, ముందు అదే సైజు ఇనుప మర ఒకసారి పూర్తిగా బిగించి వెనక్కి తీసెయ్యి, ఆ దారిలో ఇత్తడి మరకి కాస్త మైనం రాసి బిగించు. పైన పేరు పలక పెట్టాలంటే మీ జిల్లాలోనే బుడితి ఇత్తడి పనివాళ్ళున్నారు కదా, వాళ్ళనడుగు.

పాత ఇనుము:
ఉద్దానం తమ్ముడూ, నీ ఫోమ్ గతే నాకూ పట్టింది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా. ఫోమ్ చెమ్మని పట్టి ఉంచుతుంది, పైగా ఏళ్ళు గడిస్తే అదే కుళ్ళి జిగురైపోతుంది. గుంట తవ్వించడం కూడా నాకు ఇష్టం లేదు. ఆకారానికి తగ్గట్టు గుంటలు తొలిచేది ఫ్రెంచి పద్ధతి, నిటారు అడ్డుపట్టీలతో గదులు కట్టేది ఇంగ్లీషు పద్ధతి. వెబ్లీ బర్మింగ్‌హామ్‌లో పుట్టిన సరుకు, 1924లో వాళ్ళ మొదటి ఎయిర్ పిస్టల్, 1930లో నీ సీనియర్, దానికి గదుల పెట్టే అందం. అందం ఒక్కటే కాదు, గుంటలో ఇనుము ఒళ్ళంతా గుడ్డకి ఆనుకుంటుంది, గదుల్లో అయితే మూడు నాలుగు చోట్ల మాత్రమే ఆనుతుంది, మిగతా చుట్టూ గాలి ఆడుతుంది. కాగితం మీద పిస్టల్ పెట్టి పెన్సిల్‌తో గీసుకుని, తియ్యడానికి వేళ్ళు దూరేంత చోటు వదిలి పట్టీలు వెయ్యి. ఇంకో మాట, ఇవి కొత్తలో సాధారణంగా అట్టపెట్టెల్లో అమ్మినవే, కాబట్టి నీ పెట్టె దేనికీ నకలు అవ్వక్కర్లేదు, మీ ఇంటి పెట్టెలా ఉండనీ.

జిగురు దగ్గర అందరూ తప్పు చేస్తారు. పుస్తకాల బైండింగ్ వాళ్ళలా మైదా ఉడికించి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమని ఎవరైనా చెప్తే అస్సలు వినకు, మైలుతుత్తం చెమ్మతో కలిసి ఇనుముని తగిలితే తినేస్తుంది. తెల్ల జిగురు ఆరేటప్పుడు పుల్లని ఆవిరి వదుల్తుంది, అందుకని పెట్టె పూర్తయ్యాక కనీసం నెల రోజులు మూత తెరిచి వదిలెయ్యి. రోజూ మూసి, పొద్దున్న తెరిచి ముక్కు పెట్టి చూడు, పుల్లటి వాసన ఉన్నన్నాళ్ళూ పిస్టల్ లోపలికి వెళ్ళకూడదు. లోపలి చెక్కకి లక్క పాలిష్ రెండు మూడు చేతులు వేస్తే చెక్క నుంచి వచ్చే ఆవిరి కూడా తగ్గుతుంది. సీసం గుళ్ళు ఆ పెట్టెలో పెట్టకు, పుల్లని గాలికి సీసం తెల్లగా బూడిద కడుతుంది, ఖాళీ గుళ్ళ డబ్బా పెట్టుకో చూడ్డానికి.

పెట్టే ముందు బ్యారెల్ పైకెత్తి లోపల గుండు లేదని చూసి, స్ప్రింగ్ ఎక్కించి లేదని కూడా చూడు. చేతి చెమట తుడిచి పల్చగా నూనె. జూన్ నుంచి నవంబర్ దాకా మన గాలికి ఏ పెట్టే ఆగదు, ఆ నెలల్లో తుప్పు పట్టకుండా మెషీన్ పార్టులకి చుట్టే వీసీఐ కాగితంలో చుట్టి, పక్కన రంగు మారే సిలికా జెల్ పెట్టు, నీలం గులాబీ అయ్యాక మళ్ళీ వేడిచెయ్యి.

పొందూరు కోడలు:
మెరూన్ వెల్వెట్ వద్దు బాబూ, నూనె తగిలితే రంగు వదులుతుంది. మా పొందూరు ఖద్దరు వేసి చూడు, రంగు వెయ్యనిది, ఆ మీగడ తెలుపు మీద నల్ల పిస్టల్ ఎంత బాగుంటుందో. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి చేత్తో వడికిన నూలు అది. వంద కౌంటు సన్న పంచె గుడ్డ తీసుకోకు, పట్టీల అంచులకి రెండేళ్ళలో చిరుగుతుంది, దళసరిది అడుగు. గంజి మొత్తం పోయేదాకా రెండుసార్లు వేడినీళ్ళలో ఉతుకు, గంజి ఉంటే వెండిచేపపురుగు చేరుతుంది. తర్వాత గుడ్డని పల్చటి అట్టకి చుట్టి, వెనకవైపు మటుకే అంటించి, గదుల్లో బిగుతుగా దూర్చు. పాడైతే లాగి మార్చుకోవచ్చు.

ఉద్దానం కుర్రోడు:
అక్కా, అన్నలూ, అందరికీ దండాలు. గుంట ఆలోచన మానేశాను, గదులే. నిన్న పలకలు దింపి ఒకదాన్ని చిత్రిక పట్టి చూశాను, పైన బూజు కింద ఇంకా పసుపు ఉంది, ఇల్లంతా పనస తొనల వాసనలా అనిపించింది, అమ్మ వచ్చి చేత్తో తడిమి చాలాసేపు అక్కడే కూర్చుంది. తూకం వేస్తే 1,840 గ్రాములు. వచ్చే ఆదివారం మళ్ళీ తూస్తా. అన్నా, అడుగు పలకకి కూడా పనసే వెయ్యాలా, ప్లైవుడ్ అయినా ఫర్వాలేదా?

బొబ్బిలి వైపు చెక్కపని:
ఇంట్లో చెట్టు ఉండగా ప్లైవుడ్ ఎందుకు. 6 మిల్లీమీటర్లకి దింపు, పలక వెడల్పు చాలకపోతే రెండు ముక్కలు అతుకు పెట్టు, గాడిలో వైపుకి ఒక మిల్లీమీటరు ఖాళీ వదులు. మూడో వారం తూకం ఇక్కడ రాయి, అప్పుడు మూలల సంగతి చెప్తా.