అర్ధరాత్రి దాటాక పెద్ద రోడ్లమీద దీపాల వెలుగు తగ్గించవచ్చా?

విశాఖవాసి:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసిన తర్వాత, నగరంలో సోడియం దీపాలు పోయి వాటి స్థానంలో దాదాపు 90 వేల ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. పెట్టుబడి కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్‌ఎల్ పెట్టి, కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ములోంచి దాన్ని ఏళ్ల తరబడి రాబట్టుకునే పద్ధతి అది. 2015 జనవరిలో మొదలైన జాతీయ వీధి దీపాల కార్యక్రమం అదే పద్ధతిని దేశమంతటికీ తీసుకుపోయింది. ఎల్‌ఈడీ వెలుగును మనకు కావలసినంతకు తగ్గించుకునే సౌలభ్యం ఉన్నప్పుడు, రాత్రి 12 నుంచి 5 గంటల వరకు, రద్దీ లేని వేళ, సగం వెలుగు చాలదా? చాలునని నా అభిప్రాయం.

విశ్రాంత ఇంజనీరు:
లెక్క చూద్దాం. పాత 250 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిపి సుమారు 280 వాట్లు లాగేది. దాని స్థానంలో 120 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు 11 గంటల చొప్పున దీపానికి ఏడాదికి 640 యూనిట్లు మిగులుతాయి. మీరు చెప్పినట్టు ఐదు గంటలు సగానికి తగ్గిస్తే, దానిపై మరో 110 యూనిట్లు మిగులుతాయి. తీసిపారేసే లెక్క కాదు.

భద్రత మాటకొస్తే, వీధి దీపాలకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 వాహనాల రద్దీని బట్టే వెలుగును నిర్ణయించింది. వేగంగా, దట్టంగా వాహనాలు సాగే రోడ్డుకు సగటున 30 లక్సులు (రోడ్డుమీద పడే వెలుగుకు కొలత లక్సు), అంతకన్నా తక్కువ రద్దీ ఉన్న ప్రధాన రోడ్డుకు 15 లక్సులు కావాలంటుంది. మొదటి రకం రోడ్డే అర్ధరాత్రి దాటాక రెండో రకం రోడ్డవుతుంది కదా. పైగా పూర్వం పొదుపు పేరుతో స్తంభం విడిచి స్తంభం ఆర్పేవారు. దానివల్ల రోడ్డంతా చారలు చారలుగా చీకటి పడి, కన్ను ఒక వెలుగుకు అలవాటు పడేలోగా మరో చీకటి ఎదురయ్యేది. అన్ని దీపాలనూ సమానంగా తగ్గిస్తే ఆ బాధ ఉండదు.

రేవు దారి:
ఇంజనీరు గారూ, అన్నీ వెలిగితేనే మీరన్న సమానత్వం. డ్రైవర్, అంటే ఎల్‌ఈడీకి కరెంటు అందించే భాగం, కాలిపోయిన దీపం ఒక్కటున్నా, అటూ ఇటూ ఉన్న రెండూ పూర్తిగా వెలుగుతుంటే వాటి కాంతి కొంతైనా ఆ ఖాళీలోకి వచ్చి పడుతుంది. వాటినీ సగం చేస్తే అక్కడ చీకటి గుంట మిగులుతుంది.

మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి ఖాళీ గంప చంకన పెట్టుకుని చేపల రేవుకు నడిచి వెళ్తుంది. డివైడర్ తెగిన చోట రోడ్డు దాటాలి. ఆ వేళ బళ్లు తక్కువ, నిజమే, కానీ వచ్చే నాలుగు బళ్లూ పగటికన్నా రెట్టింపు వేగంతో వస్తాయి. ముదురు రంగు చీర కట్టుకున్న మనిషిని దగ్గరికొచ్చేదాకా ఎవరూ గమనించరు. డివైడర్ పక్కన వంగి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులదీ అదే పరిస్థితి. రద్దీ అంటే వాహనాలే లెక్కా, కాలినడకన వెళ్లేవాళ్లు లెక్కలోకి రారా?

విశాఖవాసి:
మీ మాట న్యాయమైనదే. అయితే బీచ్ రోడ్డుది వేరే సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక, సముద్రంపై ఉన్న లేత వెలుగువైపు పోవలసినవి, రోడ్డు దీపాలవైపు పాకి దారి తప్పుతాయి. కనీసం ఆ నెలల్లో కడలివైపు కాంతి పడకుండా దీపాలకు అడ్డు రేకులు బిగించి, తెల్ల కాంతికి బదులు కాషాయ వర్ణపు కాంతి వాడాలి.

విశ్రాంత ఇంజనీరు:
అడ్డు రేకులు పెట్టినంత మాత్రాన కరెంటు మిగలదు గానీ, అది మంచి ఆలోచనే, ఎందుకంటే ఎల్‌ఈడీ గొప్పతనం వాట్‌కు వచ్చే కాంతిలోనే కాదు, ఆ కాంతిని రోడ్డుమీదికే మళ్లించడంలో కూడా ఉంది.

అమ్మా, మీ ప్రశ్నతో నా లెక్క సరిచేసుకుంటున్నాను. తగ్గింపు 12 నుంచి మూడున్నర వరకే ఉంచి, కూడళ్లు, డివైడర్ తెగిన చోట్లు, బస్సు ఆగే చోట్లు మినహాయిస్తే, వెలుగు తగ్గించే ఒక్కో దీపానికి 110 యూనిట్లకు బదులు 77 మిగులుతాయి. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా, మనం వదులుకునేది అలాంటి దీపానికి ఏడాదికి 231 రూపాయలు. అంతకు మీ అమ్మగారికి పూర్తి వెలుగు దక్కితే చవకే.

రేవు దారి:
ధన్యవాదాలండీ. కానీ మా మలుపు దగ్గర స్తంభం ఆరిపోయి మూడు వారాలైంది, రెండుసార్లు ఫిర్యాదు రాయించాను. ఆరిన దీపాన్ని మూడు రోజుల్లో వెలిగించే ఏర్పాటు ముందు చూపించండి, ఆ తర్వాత మూడున్నర వరకు తగ్గించడానికి నేనూ ఒప్పుకుంటాను. ఈలోపు అమ్మ చేతికి చిన్న టార్చి కొనిచ్చాను.