సమస్య: "మాటలాడుకొనుట మరణమయ్యె"

నిర్వహణ: ఈసారి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి. వస్తువు బాక్టీరియా, వాటికి సోకే ఫేజ్ వైరస్‌లు. బాక్టీరియా చిన్న చిన్న అణువులను బయటికి వదులుతాయి. అవి ఎంత పేరుకున్నాయో చూసి చుట్టూ తమవాళ్ళు ఎందరున్నారో అంచనా వేసుకుంటాయి. దీన్నే కోరమ్ సెన్సింగ్ అంటారు. ఈ సంభాషణలో ఫేజ్ ఎక్కడ తలదూరుస్తుందో పద్యంలో కనబడాలి. గణాల్లో, యతిలో రాయితీ లేదు. సరళాదేశాలు, అరసున్నలు పట్టించుకోం.

కలంపోటు:

గుంపు పెరిగెనంచు గుసగుసలాడగ
కణములోన ఫేజి కాచి వినియె
వేచి వేచి గోడ విఱిచి బైటికి దూకె
మాటలాడుకొనుట మరణమయ్యె

ల్యాబ్‌కోటు: బాగా పట్టారు. ఇది వీపీ-882 ఫేజ్ కథే కదా? ప్రిన్స్‌టన్‌లో జస్టిన్ సిల్పీ, బానీ బాస్లర్ 2018 చివర్లో బయటపెట్టారు. కలరా బాక్టీరియా వదిలే డీపీఓ అనే అణువును వినడానికి దానికి వీక్యూఎమ్ఏ అనే ప్రోటీన్ ఉంది. లోపల నక్కిన ఫేజ్ కూడా తన జన్యువుల్లో అలాంటిదే ఒకటి పెట్టుకుంది. డీపీఓ తగిలితే ఆ ప్రోటీన్ క్యూటిప్ అనే మరో ప్రోటీన్‌ను చేయిస్తుంది. ఫేజ్‌ను నిద్రలో ఉంచే రిప్రెసర్‌ను క్యూటిప్ పట్టేసుకుంటుంది. ఇక ఫేజ్ లేచి, పిల్లల్ని కని, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. బయట గుంపు ఉందని ముందే తెలిసింది కాబట్టి పిల్లలకు ఇళ్ళు వెతికే టెన్షన్ లేదు. మీ "వేచి వేచి" ఆ లెక్కకు సరిపోయింది.

నిర్వహణ: నడక హాయిగా ఉంది. కానీ గుసగుసలాడింది ఎవరు? పద్యం మొత్తంలో కర్త లేడు. "కలరపురుగులెల్ల గలగలలాడగ" అంటే యతి కూడా చెడదు.

కలంపోటు: కర్త వస్తాడు గానీ "గుంపు పెరిగె" పోతుంది. అది పోతే కోరమే పోయినట్టు. నా పాదం నాకే ఉంచండి.

ఆరుద్రపురుగు:

బేసిలస్సులోన ఫేజులు జొరబడి
ఆరు పూసలున్న హారమిచ్చి
హారసంఖ్య పెరుగ హతమార్చె కణములన్
మాటలాడుకొనుట మరణమయ్యె

నిర్వహణ: రెండో పాదానికి జోహార్లు. ఆ-హా యతి చక్కగా కూర్చారు.

ల్యాబ్‌కోటు: పద్యం అందమే, శాస్త్రం మాత్రం తలకిందులు. 2017లో వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రోటెమ్ సోరెక్ బృందం బేసిలస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలో చూసింది దీనికి ఎదురు. మీ ఆరు పూసల హారం, అంటే ఆరు అమైనో ఆమ్లాల గొలుసైన ఆ పెప్టైడ్, పేరు ఆర్బిట్రియం. ఫై3టీ అనే ఫేజ్ సోకిన ప్రతి కణమూ దాన్ని వదులుతుంది. అది పేరుకుందంటే ఇప్పటికే చాలా కణాలు పోయాయని అర్థం. అప్పుడు కొత్తగా చొరబడ్డ ఫేజ్ చంపడం మాని, కణం జీనోమ్‌లో చేరి పడుకుంటుంది. పెప్టైడ్ లేనప్పుడే మారణకాండ. పైగా ఇక్కడ మాట ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య, బాక్టీరియా వేదిక మాత్రమే.

ఆరుద్రపురుగు: "పెరుగ" తీసి "తరుగ" అంటే? గణం అదే.

నిర్వహణ: శాస్త్రం కుదురుతుంది, సమస్య జారిపోతుంది. హారాలు తక్కువైతే మాటలాడుకోవడం లేదన్నమాట. మరి మాట వల్ల మరణం ఎలా?

తెల్లకాగితం: మాట ఆగితేనే మరణం అనాలంటే మూడో పాదం చివర దారి ఉంది. నేను సూడోమోనాస్ అనే బాక్టీరియా మీద ప్రయత్నించాను:

చిన్న మాంసకృత్తు చెవిలోన బిరడాయె
సూడొమోనసునకు సుద్ది లేదు
కోటకాపుదలయు కూలెను, తా మానె
మాటలాడుకొనుట, మరణమయ్యె

కలంపోటు: అమ్మో! ఒక్క "మానె"తో పాదాన్ని రెండుగా విరగ్గొట్టారు.

నిర్వహణ: అవధానాల్లో చూసే విరుపు ఇదే. ఇచ్చిన పాదంలో అక్షరం కదలలేదు, అర్థం అడ్డం తిరిగింది. "సుద్ది లేదు" అచ్చమైన మాట. "తా" మాత్రం గణం కోసం వచ్చిందని తెలిసిపోతోంది, అయినా క్షమించదగ్గదే.

ల్యాబ్‌కోటు: డీఎంఎస్3 ఫేజ్, దాని ఆక్స్1 ప్రోటీన్ గురించి రాశారు. అందులో ఉన్నవి 69 అమైనో ఆమ్లాలే, కాబట్టి "చిన్న" సార్థకం. సూడోమోనాస్ కోరమ్ సెన్సింగ్‌కు పెద్ద తలకాయ అయిన లాస్-ఆర్ అనే ప్రోటీన్‌ను అది అడ్డుకుంటుంది. ఒక్క చోటే పేచీ. ఫేజ్‌ల మీద రక్షణల్లో కొన్ని కోరమ్ సెన్సింగ్ చేతిలో ఉన్నాయి కాబట్టి అవి సడలవచ్చు అని పరిశోధకులు అన్నారే గానీ, "కూలెను" అని తేల్చలేదు. కవికి ఆ మాత్రం చనువు ఇద్దాం. అయితే అసలు తమాషా పద్యంలోకి రాలేదు. బాక్టీరియా ఒంటిమీద పైలస్ అనే సన్నని పోగులుంటాయి. అదే ఆక్స్1 వాటికి కావలసిన పిల్-బీ ప్రోటీన్‌ను కూడా ఆపి, పైలస్ పట్టుకుని ఎక్కే ఇతర ఫేజ్‌లకు తలుపు మూసేస్తుంది. ఇల్లు ఆక్రమించి లోపల గడియ పెట్టుకోవడం! దానికి ఇంకో ఆటవెలది బాకీ ఉన్నారు.

నిర్వహణ: ఈ వారం మొదటి స్థానం తెల్లకాగితం గారిదే. వచ్చే సమస్య తేటగీతిలో: "మూగవానికి చెవియుండ ముప్పు తప్పె". దారి చూపిస్తాను. ఈ-కోలై బాక్టీరియా కోరమ్ సెన్సింగ్‌లో వాడే ఏహెచ్ఎల్ అనే అణువులను తాను తయారు చేయలేదు, ఇతరులు వదిలినవి మాత్రం వింటుంది. విన్నప్పుడు లాంబ్డా ఫేజ్ పట్టుకునే గ్రాహకాలను తన ఒంటిమీద తగ్గించుకుంటుంది. గడువు ఆదివారం రాత్రి.