విశాఖలో ఎంవీపీ వైపు ఫలాఫెల్, షవర్మా ఎక్కడ బాగుంటాయి? అత్తగారు శాకాహారి

సుధ_ఎంవీపీ
ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ బయట తిందామనుకుంటున్నాం. పిల్లలకు షవర్మా కావాలి. అత్తగారు మాంసం ముట్టరు, ఆవిడకు ఫలాఫెల్, అదే శనగలతో చేసే అరబ్బు వడలు, ఇప్పిద్దామని ఆలోచన. ఎంవీపీ, ఇసుకతోట, లాసన్స్ బే చుట్టుపక్కల కూర్చుని తినే చోటు చెప్పండి. ఫలాఫెల్‌కి వేరే నూనె వాడతారా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వీలైన కుర్చీలుంటాయా? ఈ రెండూ ముఖ్యం.

గాజువాక_గురూ
షవర్మా మాట ఎత్తకండి మేడమ్, ఒళ్లు మండుతోంది. మొన్న సిటీలో ఒకచోట తీసుకున్నా. కాగితం విప్పితే పైన ఒక వరస చికెన్, కిందంతా క్యాబేజీ, మెత్తబడిపోయిన ఆలూ ఫ్రైస్, దాని మీద మయోనైజ్ గుమ్మరింపు. అడిగితే "స్పెషల్ తీసుకోవాల్సింది సార్" అన్నాడు. అంటే మామూలుదానికి చికెన్ వెయ్యరా?

కువైట్_కిచెన్
నేను కువైట్‌లోని సాల్మియాలో షవర్మా చువ్వ దగ్గరే పనిచేసి వచ్చాను కాబట్టి చెబుతున్నా. ఇక్కడ అమ్మేదాంట్లో చాలావరకు షవర్మాయే కాదు. తొడ ముక్కలు పెరుగు, నిమ్మరసం, వెల్లుల్లి, యాలకులు, దాల్చినచెక్కలో రాత్రంతా నానాలి. చువ్వకి గుచ్చేటప్పుడు మధ్యమధ్యలో కొవ్వు పొర పెట్టాలి. అది కరిగి కిందికి దిగుతూ ముక్కని తడుపుతూ ఉంటుంది. ఎర్రగా కాలిన పై పొరని మాత్రమే పల్చగా చెక్కాలి. ఇక్కడ జనం ఎక్కువైతే లోపలి తెల్ల ముక్క దాకా కోసేసి పెనం మీద తిప్పేస్తున్నారు. చికెన్‌కి వెయ్యాల్సింది తూమ్. వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, నూనె, అంతే, గుడ్డు ఉండదు. ఇక ఉడికించిన శనగలతో ఫలాఫెల్ చేసేవాళ్లకి దండం.

సీతమ్మధార_వంటిల్లు
ఉడికిస్తే తప్పేంటండీ? నేను కాబూలీ శనగలు కుక్కర్‌లో పెట్టే చేస్తాను, కొంచెం శనగపిండి కలుపుతాను. మా ఇంట్లో ఒక్కటీ మిగలదు. గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకే వంట వచ్చినట్టు మాట్లాడకండి.

కువైట్_కిచెన్
శనగపిండి కలిపితే అది పకోడీ అమ్మా.

సీతమ్మధార_వంటిల్లు
మీరు నన్ను అమ్మా అని బుజ్జగించక్కర్లేదు. కారణం తెలిస్తే చెప్పండి, లేకపోతే ఊరుకోండి.

దొండపర్తి_సత్యం
కారణం నేను చెబుతా, ఇద్దరూ శాంతించండి. మసాలా వడకి శనగపప్పు ఉడికించి రుబ్బుతామా? నానబెట్టి బరకగా రుబ్బుతాం. ఇదీ అంతే. ఉడికిన గింజలో పిండిపదార్థం ముందే నీళ్లు పీల్చుకుని మెత్తబడిపోతుంది, నూనెలో వేస్తే విచ్చిపోతుంది. అందుకే మీకు శనగపిండి అవసరమవుతోంది. నానిన పచ్చి గింజ అయితే నూనె వేడికి దానంతటదే గట్టిపడుతుంది. రాత్రంతా నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, కొత్తిమీర, ఉల్లిపాయ, జీలకర్ర, ధనియాలు వేసి రుబ్బండి. విరిస్తే లోపల ఆకుపచ్చగా, పొడిపొడిగా ఉండాలి. ఈజిప్టులో శనగలకి బదులు ఫావా అనే ఒక రకం చిక్కుడు గింజలు వాడతారు, అవీ నానబెట్టినవే.

సీతమ్మధార_వంటిల్లు
ఇలా చెబితే వింటాను సత్యం గారూ. అయినా నా పద్ధతిలో చేసినవి పిల్లలు ఇష్టంగా తింటున్నారు, మానను.

ల్యాబ్_మద్దిలపాలెం
శనగలు వదిలేసి అసలు విషయానికి రండి. నేను మైక్రోబయాలజీ చదివాను. 2022 మేలో కేరళలోని కాసరగోడ్ జిల్లాలో షవర్మా తిన్న ఒక విద్యార్థిని చనిపోయింది, షిగెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. 2024 అక్టోబరులో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించాయి. మన విశాఖ ఉక్కపోతలో ఆ డబ్బా మధ్యాహ్నం నుంచి కౌంటర్ మీదే ఉంటే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకి పండగే. ఇంకోటి, కువైట్ గారు తప్పుపట్టిన పెనం పద్ధతే నిజానికి మంచిది. చెక్కిన ముక్క మళ్లీ బాగా వేడెక్కాలి, చికెన్ లోపల 74 డిగ్రీలు దాటాలి.

కువైట్_కిచెన్
పెనం మీద వేస్తే ముక్క ఎండిపోతుంది. చువ్వ మంట సరిగా ఉంటే ఆ అవసరమే రాదు.

ల్యాబ్_మద్దిలపాలెం
మంట సరిగా ఉంటే. మధ్యలో గిరాకీ లేదని బర్నర్ ఆపేసి, ఏడింటికి మళ్లీ వెలిగించడం నా కళ్లతో చూశాను. ఆ మధ్య గంటల్లోనే బ్యాక్టీరియా పెరుగుతుంది.

బండి_తమ్ముడు
మా అన్నది షవర్మా బండి. మీలాంటివాళ్లు ఇలా రాసిన ప్రతిసారీ గిరాకీ పడిపోతుంది. పొద్దున్నే చికెన్ తెచ్చి, కడిగి, రాత్రి పదకొండు దాకా ఆ సెగలో నిలబడేవాడి కష్టం మీకు తెలుసా? మిగిలిన ముక్క మర్నాటికి దాచం, పారేస్తాం. గుడ్డు లేని మయోనైజ్ ప్యాకెట్టే వాడతాం. అందరినీ ఒకే గాట కట్టకండి.

ల్యాబ్_మద్దిలపాలెం
మీ అన్నగారిలా చేసేవాళ్ల దగ్గరే తినమంటున్నాను. ఆ ప్యాకెట్ జనానికి కనిపించేలా పెట్టండి, గిరాకీ పెరుగుతుంది.

గాజువాక_గురూ
అవన్నీ సరే, క్యాబేజీ సంగతి ఎవరూ మాట్లాడరే? అరబ్బు షవర్మాలో క్యాబేజీ ఉంటుందా కువైట్ గారూ?

కువైట్_కిచెన్
మా దగ్గర చికెన్‌కి ఊరబెట్టిన దోసకాయ ముక్కలు, తూమ్, కొన్నిచోట్ల ఫ్రైస్. అంతే.

బీచ్‌రోడ్_రాజు
ఇంత గొడవెందుకు గురూ, ఆర్కే బీచ్‌కి వెళ్లి మురీ మిక్చర్ తినండి. నిమ్మకాయ పిండి కళ్ల ముందే కలిపిస్తాడు.

సుధ_ఎంవీపీ
నేను అడిగింది నూనె, కుర్చీల గురించండీ!

శాకాహారి_పెదవాల్తేరు
నూనె సంగతి నేను చెబుతా, నాకు ఇది ప్రతిసారీ ఎదురయ్యేదే. "వేరే నూనేనా?" అని అడిగితే అందరూ ఔననే అంటారు. "ఫ్రెంచ్ ఫ్రైస్, చికెన్ నగెట్స్ ఏ ఫ్రయర్‌లో వేస్తారు?" అని అడగండి. ఒకటే ఫ్రయర్ ఉంటే ఫలాఫెల్ కూడా అందులోనే. ఆవిడ పట్టింపు గట్టిదైతే హమ్ముస్ (ఉడికిన శనగల ముద్ద), ఖుబ్బూస్ (అరబ్బు రొట్టె), సలాడ్ చెప్పండి, వేయించే పనే ఉండదు. కుర్చీలకైతే ఏడు లోపే వెళ్లండి, గోడవైపు బల్ల దొరుకుతుంది. ఎత్తు స్టూళ్లున్న చోటికి అసలు వెళ్లకండి.

సుధ_ఎంవీపీ
ఇదీ నాక్కావలసింది. చాలా థాంక్సండీ. హమ్ముస్ ఇంట్లో చేద్దామంటే అందులో వేసే తహీనా (నువ్వుల ముద్ద) దొరకడం లేదు, ఏం చెయ్యాలి?

దొండపర్తి_సత్యం
కొనక్కర్లేదు. పొట్టు తీసిన తెల్ల నువ్వులు సన్నసెగ మీద రంగు మారకుండా వేయించి, చల్లారాక జారుగా అయ్యేదాకా మిక్సీలో తిప్పండి. చివర్లో కొంచెం నూనె.

సీతమ్మధార_వంటిల్లు
మన పప్పునూనె (నువ్వుల నూనె) మాత్రం వద్దు సుధ గారూ, ఘాటు ఎక్కువైపోతుంది. హమ్ముస్‌కైతే శనగలు ఉడికించే తీరాలి, అక్కడ కుక్కర్ వాడితే ఎవరూ నన్ను ఏమీ అనలేరు.