రన్నింగ్ బ్యాక్‌కి ఎత్తు నిజంగా అవసరమా?

ఫ్రిస్కో_ప్రసాద్:
మా అబ్బాయి ఇక్కడ టెక్సస్‌లో పదో తరగతి. హైస్కూల్ జేవీ (జూనియర్) టీమ్‌లో రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా ఆడాడు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 165 పౌండ్లు. మొన్న కోచ్ పిలిచి, వర్సిటీ (స్కూల్ ప్రధాన టీమ్)లో స్లాట్ రిసీవర్‌గా, అంటే పాస్‌లు పట్టుకునేవాడిగా ఆడమన్నారట, బ్యాక్‌కి ఎత్తు చాలదన్నారట. అప్పట్నుంచి వాడు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. నేను క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, వాడి కోసమే అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చుకున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి, ఈ పొజిషన్‌కి ఎత్తు అంత ముఖ్యమా?

డెట్రాయిట్_రవి:
అస్సలు కాదు ప్రసాద్ గారూ. లయన్స్ టీమ్ ఊళ్లో ఉంటాను కాబట్టి వాళ్ల బ్యాక్ బ్యారీ శాండర్స్‌తోనే మొదలుపెడతా. 5 అడుగుల 8 అంగుళాలు. ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్)లో పది సీజన్లలో బంతితో పరిగెత్తినవి 15,269 యార్డులు. 1997లో ఒక్క సీజన్‌లోనే 2,053.

బ్యాక్‌కి ముందు నిలబడే లైన్‌మెన్ ఆరున్నర అడుగుల దాకా ఉంటారు, 300 పౌండ్లు దాటి ఉంటారు. వాళ్ల వెనక పొట్టివాడు ఎటు కదిలాడో ఎదుటి టీమ్‌లో ఆపడానికి కాచుకునే లైన్‌బ్యాకర్‌కి ఒక క్షణం ఆలస్యంగా కనిపిస్తుంది. సందులోంచి దూరిపోవడానికి ఆ క్షణం చాలు. పైగా ఎంత వంగి పరిగెత్తితే టాకిల్ చేసేవాడికి, అంటే పట్టి పడేసేవాడికి, అంత తక్కువ దొరుకుతారు. పొడుగువాడు నడుం వంచి సాధించాల్సింది పొట్టివాడికి పుట్టుకతోనే ఉంటుంది. కావాల్సింది బరువు, తొడల్లో బలం. బ్యాక్‌లను అంచనా వేయడానికి విశ్లేషకులు వాడే స్పీడ్ స్కోర్ లెక్కలో బరువు, 40 యార్డుల పరుగు సమయం, ఈ రెండే ఉంటాయి. ఎత్తు ఊసే లేదు.

కృష్ణాతీరం:
రవి గారూ, శాండర్స్ లాంటివాడు మళ్లీ పుట్టలేదు. ఆయన్ని చూపించి పదిహేనేళ్ల పిల్లాడికి ఆశ పెట్టకండి. 2024 సీజన్ దాకా చూస్తే, ఒక సీజన్‌లో 2,000 యార్డులు దాటినవాళ్లు తొమ్మిది మంది. అందులో ఓ.జె. సింప్సన్, డికర్సన్, పీటర్సన్, హెన్రీ, బార్క్లీ, ఈ ఐదుగురూ ఆరడుగులు, ఆపైన. 1984లో డికర్సన్ కొట్టిన 2,105ని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఆయన 6 అడుగుల 3 అంగుళాలు. డెరిక్ హెన్రీ 250 పౌండ్లకు దగ్గర్లో ఉంటాడు, 2024లో ముప్పై ఏళ్ల వయసులో 1,921 యార్డులు పరిగెత్తాడు. ఎత్తు లేనివాడు అంత బరువు మోస్తూ అంత వేగంగా పరిగెత్తగలడా? బరువు కావాలంటున్నారు, మరి ఆ బరువు పట్టడానికి ఎముక పొడుగు ఉండొద్దా?

వరంగల్_వాసి:
కబడ్డీలో కూడా కిందికి వంగి వచ్చే రైడర్‌నే పట్టుకోవడం కష్టం. రవి అన్నకే నా ఓటు.

డెట్రాయిట్_రవి:
కృష్ణాతీరం గారూ, ఒక్క సీజన్ లెక్క ఎందుకు? కెరీర్ మొత్తం చూడండి. ఎమిట్ స్మిత్ 18,355. వాల్టర్ పేటన్ 16,726. ఫ్రాంక్ గోర్ సరిగ్గా 16,000. తర్వాత శాండర్స్. ఈ నలుగురిలో ఆరడుగులవాడు ఒక్కడూ లేడు. స్మిత్, గోర్ ఇద్దరూ 5 అడుగుల 9 అంగుళాలే. గోర్ 16 సీజన్లు ఆడాడు. పొట్టివాడు దెబ్బలకు తట్టుకోలేడనేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

కృష్ణాతీరం:
5 అడుగుల 9 అంగుళాలు పొట్టి ఎలా అవుతుందండీ? అమెరికాలో సగటు మగవాడి ఎత్తే అంత. ప్రసాద్ గారి అబ్బాయి 5-6. మీరు చెప్పిన నలుగురిలో 5-6 వాడు ఎవరు?

డెట్రాయిట్_రవి:
5-6 కావాలా? డారెన్ స్ప్రోల్స్. 2011లో సెయింట్స్ తరఫున అన్నీ కలిపి 2,696 యార్డులు, ఎన్ఎఫ్ఎల్ రికార్డు.

కృష్ణాతీరం:
అందులో పరిగెత్తి సంపాదించినవి 603. మిగతావన్నీ పాస్‌లు పట్టుకుని, కిక్ రిటర్నుల్లో వచ్చినవి. ఆ కోచ్ కూడా స్లాట్‌కి వెళ్లమని అంటున్నది అందుకే కదా! మీ ఉదాహరణ నా మాటే చెబుతోంది.

మన టెక్సస్ కుర్రాడు డ్యూస్ వాన్‌ని చూడండి. 5-5 ఉంటాడేమో. కాన్సస్ స్టేట్‌లో 2022లో 1,500 యార్డులు దాటాడు. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, కౌబాయ్స్ ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. రెండు సీజన్లలో వాడి చేతికి బంతి వచ్చింది ఎన్నిసార్లు? చాలా తక్కువ.

సుజాత_కె:
బంతి ఇవ్వకపోతే ఎలా నిరూపించుకుంటాడు?

డెట్రాయిట్_రవి:
సుజాత గారు అన్నదే అసలు మాట. మోరిస్ జోన్స్-డ్రూ 5-7. 2006 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 టీములూ తనని వదిలేశాయని 32వ నంబర్ జెర్సీ వేసుకుని ఆడాడు. రెండో రౌండ్‌లో జాగ్వార్స్ తీసుకున్నారు. 2011లో 1,606 యార్డులతో లీగ్‌లోనే మొదటివాడు.

నేను కూడా ఊళ్లో ఉన్నప్పుడు ఒక యూనిఫాం ఉద్యోగం సెలక్షన్స్‌కి వెళ్లాను. పరుగులో మా బ్యాచ్‌లో అందరికంటే ముందున్నాను. ఎత్తు కొలిచే బల్ల దగ్గర ఒక్క సెంటీమీటరు తక్కువని పక్కకి పంపేశారు. పరుగు కాగితం ఎవరూ చూడలేదు. ఆ కుర్రాడు ఇంట్లో ఎందుకు మాట్లాడట్లేదో నాకు తెలుసు.

కృష్ణాతీరం:
మీ ఉద్యోగం సంగతికి నాకు బాధగానే ఉంది, కానీ అక్కడ మీ మీద ఎవరూ వచ్చి పడలేదు. ఇక్కడ పడతారు. బ్యాక్ పని పరిగెత్తడం ఒక్కటే కాదు. పాస్ వేసేటప్పుడు బ్లిట్జ్ వస్తే, అంటే ఎదుటివాళ్లు పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషుల్ని పంపితే, వేగంగా దూసుకొచ్చే లైన్‌బ్యాకర్‌కి ఎదురెళ్లి అతన్ని కాపాడాల్సింది బ్యాకే.

డెట్రాయిట్_రవి:
2007లో ఛార్జర్స్ లైన్‌బ్యాకర్ షాన్ మెరిమన్ బ్లిట్జ్‌కి వస్తే, ఇందాక చెప్పిన జోన్స్-డ్రూనే ఎదురెళ్లి వెల్లకిలా పడేశాడు. మెరిమన్ అతనికంటే అరడుగుకి పైగా పొడుగు. వీడియో చూసి మాట్లాడండి. సీట్లో కూర్చుని పిల్లల్ని కొలిచేవాళ్లతోనే సమస్య.

కృష్ణాతీరం:
సీట్లోనా? మా పెద్దాడు కూడా బ్యాకే ఆడాడు. చిన్న ఒళ్లు. వాడికి గుండె ఉంది, ఆడనివ్వమని కోచ్‌ని బతిమాలింది నేనే. ఒక బ్లిట్జ్‌లో భుజం పోయింది. సర్జరీ అయింది. ఇప్పటికీ చెయ్యి పూర్తిగా పైకి ఎత్తలేడు. మీరేమో జోన్స్-డ్రూ వీడియో చూడమంటున్నారు. ఆ దెబ్బలు తిని ఎవరికీ తెలియకుండా పోయినవాళ్ల వీడియోలు ఉండవు.

డెట్రాయిట్_రవి:
అన్నా, ఆ సంగతి తెలియక అన్నాను. బాబుకి పూర్తిగా నయం కావాలి.

సుజాత_కె:
నాకర్థమైనంతవరకు మీరిద్దరూ ఎత్తు గురించి పోట్లాడుకోవట్లేదు. పిల్లాడు మైదానంలో దెబ్బ తిని తెలుసుకోవాలా, పెద్దవాళ్లు ముందే వద్దనాలా అన్నది మీ గొడవ.

కృష్ణాతీరం:
అవును. ముందే చెప్పాలన్నదే నా మాట. అప్పుడు మా కోచ్ ఈ కోచ్‌లాగా చెప్పి ఉంటే బాగుండేది.

డెట్రాయిట్_రవి:
ముందే చెప్పొచ్చు, కానీ ఆట చూసి చెప్పాలి. కొలత టేపు చూసి చెప్తే ఆ పిల్లాడు జీవితాంతం ఆ అంగుళాలే లెక్కపెట్టుకుంటాడు.

ఫ్రిస్కో_ప్రసాద్:
ఇద్దరికీ థాంక్స్. నిన్న రాత్రి మా వాడితో కూర్చుని మాట్లాడాను. జేవీలో వాడికి బ్లిట్జ్ ఆపే పని ఎప్పుడూ ఇవ్వలేదట, పాస్ ఆట వస్తే వాణ్ణి బయటికి తీసేవాళ్లట. అంటే ఆ పని చేయగలడో లేదో కోచ్‌కీ తెలియదు, మాకూ తెలియదు. స్ప్రింగ్ ప్రాక్టీస్‌లో ఆ డ్రిల్ వాడితో చేయించి చూడమని అడుగుతాను. ఆపలేకపోతే స్లాట్‌కి వెళ్తానని వాడే అన్నాడు.

కృష్ణాతీరం:
డ్రిల్ అయితే సరే. మొదట బ్యాగుల మీద, తర్వాత తన బరువున్నవాళ్లతో చేయించమనండి. భుజం నొప్పి అని ఒక్క మాటన్నా ఆ రోజుకి ఆపేయించండి.

డెట్రాయిట్_రవి:
ప్రసాద్ గారూ, డ్రిల్‌లో వంగి కొట్టమనండి, తల మాత్రం పైకే ఉండాలి. ఫలితం ఇక్కడ రాయండి. 5-6 చాలదన్న మాట మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.